ఛాయాచిత్రంలో తీపి

క్రిస్మస్ దగ్గర పడితే చాలు, కేకుల ప్రదర్శన ఎక్కడ పెట్టారని బెంగుళూరు జనం ఆరా తీస్తారు. 1970ల దశకంలో మొదలైన ఈ వార్షిక ప్రదర్శన 2023 డిసెంబరులో 49వ సారి జరిగింది. చక్కెరతో కట్టిన కోటలు, మందిరాలు, బొమ్మలు అక్కడ కొలువు తీరుతాయి. వచ్చినవారు వాటి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. అవి చూడటానికే గాని తినడానికి కావు.

కేకు తినడంలోని ఆనందం గురించి మనమే ఒక ఛాయాచిత్ర ప్రదర్శన పెట్టామనుకోండి. ఆ చక్కెర కోటల ఫొటోలు అందుకు పనికివస్తాయా? రావు. రుచి నాలుకకు, వాసన ముక్కుకు తెలుస్తాయి. కెమెరాకు తెలిసినది వెలుగు ఒక్కటే. కేకును ఎంత అందంగా ఫొటో తీసినా అందులో తీపి ఉండదు. తిన్నవారి ముఖంలోనే దాన్ని వెతుక్కోవాలి.

అలాగని "నవ్వండి" అని చెప్పి ఫొటో తీస్తే ఆ నవ్వు రాదు. ద్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో ముఖ కవళికలపై ఛాయాచిత్రాలతో ఒక గ్రంథం ప్రచురించాడు. పెదవులను సాగదీసే కండరం మనం చెప్పినట్లు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజంగా సంతోషం కలిగినప్పుడే ముడుచుకుంటుందని ఆయన అభిప్రాయం. డార్విన్ కూడా 1872లో వెలువడిన తన పుస్తకంలో ఆ ఛాయాచిత్రాలు కొన్నింటిని వాడుకున్నాడు. ఎలాగూ నోటి నిండా కేకు ఉన్నవాడు పళ్ళు చూపి నవ్వలేడు కదా! ఇక కళ్ళే దిక్కు.

అటువంటి ముఖాలను ఓపికగా ఫొటో తీసినవారు మైసూరులో 1923లో జన్మించిన టి. ఎస్. సత్యన్. ఆయన పత్రికా ఛాయాగ్రాహకులు. ప్రముఖులను ఎందరినో ఫొటో తీసినా, ఆయన మనసు సామాన్యుల మీదే ఉండేది. 1979ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ బాలల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు న్యూయార్కులోని సమితి కేంద్ర కార్యాలయంలో యునిసెఫ్ ఆయన తీసిన పిల్లల ఫొటోలను ప్రదర్శించింది. దేశదేశాల ప్రతినిధులు నడిచే చోట గోడల మీద నిలిచినవి, ఎవరికీ పేరు తెలియని మన పిల్లల ముఖాలు! సత్యన్ 2009లో మరణించారు. కస్తూర్బా రోడ్డులో 2023లో తెరచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీలో ఆయన ఛాయాచిత్రాలు భద్రంగా ఉన్నాయి.

మన ప్రదర్శనకు ఫొటోలు కావాలంటే అయ్యంగార్ బేకరీ ముందు నిలబడితే చాలు. 1898లో చిక్కపేటలో పెట్టిన బి. బి. బేకరీతో ఈ దుకాణాలు మొదలయ్యాయని చెబుతారు. పాకంలో నానిన మెత్తని కేకు, దానిపై ఎర్రని జాము, ఆపైన కొబ్బరి పొడి: ఇదే హనీ కేకు. బడి నుండి వచ్చే పిల్లలు, మూట దించిన కూలీలు, పెన్షను తీసుకున్న తాతగార్లు దాన్ని కాగితం ముక్కలో పెట్టుకుని నిలబడే తింటారు. తినేవారి ముందు అడగకుండా కెమెరా పెట్టడం మర్యాద కాదు. అడిగితేనేమో వారు చొక్కా సవరించుకుని బిగుసుకుపోతారు. అందుకే అనుమతి తీసుకున్నాక కాసేపు మాటల్లో పెట్టాలి. మొదటి ముక్క మన కోసం తింటారు. రెండో ముక్కకు కెమెరా సంగతి మరచిపోతారు. పెదవికి అంటిన కొబ్బరి పొడిని తుడుచుకోకముందే ఫొటో తీయాలి.

ప్రశ్నలు
1. చక్కెర కోటల ఫొటోలు మన ప్రదర్శనకు ఎందుకు పనికిరావు?
2. నిజమైన నవ్వు గురించి ద్యుషెన్ ఏమన్నాడు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక పాత ఫొటోలోని కళ్ళను పరిశీలించి ఐదు వాక్యాలు రాయండి.