నిజ్వా సీమకు వచ్చు మనవారికి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెలనుండి గల్ఫులోని ఒమాన్ దేశమునకు బయలుదేరువారికి ఆ దేశమంతయు ఇసుకదిబ్బలే యని తోచుట సహజమే కాని, మస్కట్టునుండి సుమారు 140 కిలోమీటర్ల దూరమున, హజర్ పర్వతపాదమున ఖర్జూరవనముల నడుమనున్న నిజ్వా విలాయతునకు తోటపనికి వచ్చినవాడు తొలినాటి వేకువననే పారునీటి సవ్వడి వినును. విలాయతనగా మన పాత తాలూకా వంటిది.

ఆ నీరు ఫలజుది. కొండకడుపులోని ఊటను సొరంగమున పట్టి, యంత్రమేమియు లేక కేవలము వాలును నమ్ముకొని ఊరికి దించిన కాలువ యది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది. నీరు మొదట త్రాగుటకు, పిదప మసీదునకును స్నానములకును, కడపట తోటలకును పోవును. తోటలలో ఎవరి వంతు ఎంతసేపో పూర్వము పగలు కొయ్యనీడను బట్టియు, రాత్రి నక్షత్రములను బట్టియు నిర్ణయించెడివారు. చెరువుతూము కడ నీరటికాడు వంతులవారీగా నీరు విడుచుట చూచి పెరిగిన కరీంనగర్ రైతుబిడ్డకు ఈ ధర్మము కొత్త కాదు. కావున ఎగువన సబ్బు ముట్టింపకుడు. పరుల వంతులో మడవ తిప్పకుడు.

తోట యజమాని ఖర్జూరములతో కహ్వా యను అరబ్బు కాఫీ యిచ్చినచో గిన్నెను కుడిచేత నందుకొనుడు. చాలుననుటకు నోట చెప్పనక్కరలేదు, ఖాళీ గిన్నెను ఇటునటు కొంచెము కదిపిన చాలును. బిర్కత్ అల్ మౌజ్ ఊరిలో అరటితోటలను, ఏప్రిల్ మాసమున జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీలను చూచినప్పుడు ఇంటిబెంగ కొంత తగ్గును.

వాగును గూర్చి మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. వాదీ యని ఇచటివారు పిలుచునది చాలకాలము ఎండి, గులకరాళ్ల బాటవలె నుండును. మన పెద్దవాగు పొంగునాడు ఆకాశమే ముందుగా చెప్పును. ఇచట తలపై మబ్బు లేకున్నను, ఎక్కడో కొండపై కురిసిన వాన క్షణములలో మీదికి వచ్చును. అందు వండి తినుటకు కూర్చుండవలదు, పడుకొనవలదు. పారు వాదీలోనికి బుద్ధిపూర్వకముగా బండి దింపుట నేరము కూడ.

జూన్ మొదలు ఆగస్టు వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3.30 దాక ఆరుబయట ఎండలో పని చేయింపరాదని ఇచటి నియమము. ఆ విశ్రాంతి ఎవరి దయయు కాదు. పాస్‌పోర్టు మీయొద్దనే యుంచుకొనుడు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు బయలుదేరుటకు ముందే ఎమిగ్రేషన్ అనుమతి పొందవలెను. ఏజెంటు ఎంత తియ్యగా చెప్పినను విజిట్ వీసాపై పనికి రావలదని మిమ్ము వేడుకొనుచున్నాను.