ముందున్న ఆ జాగా నా బ్రేకుది

పోయిన ఏడాది మా కోడలు కారు నేర్చుకుంది. ఇల్లు కూకట్‌పల్లి దాటాక, ఆఫీసు మాదాపూర్‌లో. మొదటి నెల రోజులు పక్క సీట్లో నేను కూర్చునేవాణ్ణి. బస్సు తోలిన కాలు కదా, ఊరుకోదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉండేది. నోరూ ఊరుకోదు. రెండో వారానికి ఆ పిల్ల ఓపిక అయిపోయింది. "మామయ్యా, మీరు గొణుక్కునేవన్నీ కాగితం మీద పెట్టి ఇవ్వండి, ఇంటికెళ్లి చదువుకుంటా. బండిలో మాత్రం వద్దు" అంది. న్యాయమైన మాట. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 1985లో ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరాను, 2018లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం 219 మీద, సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు. తర్వాత కొన్నేళ్లు 127కె, కోఠి నుంచి కొండాపూర్. నేను చేరిన కొత్తలో మాదాపూర్ అంటే బండరాళ్లు, సీతాఫలం పొదలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ, ఫ్లైఓవర్ కట్టిన ప్రతిసారీ ఇక హాయి అనుకున్నాం. ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ బంపర్‌కు బంపర్. ముప్పై మూడేళ్లలో నేను తిట్టని డ్రైవర్ లేడు, నన్ను తిట్టని డ్రైవరూ లేడు. ఆ తిట్లన్నీ వడగడితే అడుగున మిగిలినవి ఈ పది మాటలు.

1. ముందున్న ఖాళీ ఊరికే వదిలింది కాదు

గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. దాదాపు ఒక సిటీ బస్సు పొడుగు. ఆపాలని బుర్రకు తట్టి కాలు కదిలేసరికే ఒక సెకను పోతుంది. గాలి బ్రేకు పట్టడానికి ఇంకాస్త. జనం నిండిన బస్సు పది టన్నుల పైమాటే. కాబట్టి ముందు బండికీ నాకూ మధ్య జాగా వదిలేవాణ్ణి. ఆ జాగా నా బ్రేకుది. కానీ పక్కన పోయే బైకువాడి కళ్లకు అది ఖాళీ ప్లాటు. దూరిపోతాడు. నేను మళ్లీ వదులుతాను, మళ్లీ ఇంకొకడు. లోపల జనం ఊరుకోరు: "ఏం డ్రైవరయ్యా, ఎడ్లబండి తోలుతున్నవా?"

ఒకరోజు బాలానగర్ దాటాక అలాగే ఒకడు కట్ కొట్టి, నా ముందుకొచ్చి, ఎందుకో టక్కున ఆగాడు. బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు ఆగింది. వెనక నిలుచున్న ముసలమ్మ సంచిలోంచి టమాటాలు దొర్లుకుంటూ ఇంజిన్ బానెట్ దాకా వచ్చాయి. ఆమె మోకాలు సీటు కమ్మీకి కొట్టుకుని వాచిపోయింది. బస్సంతా తిట్టింది నన్నే. ఎవడి ప్రాణం కోసం బ్రేకు కొట్టానో వాడు అప్పటికే కంటికి కనబడనంత దూరం పోయాడు.

2. అసలు జబ్బు తొందర కాదు, అనుమానం

బస్సు డ్రైవర్ల మీద ఊరందరికీ ఒక ఫిర్యాదుంది: బస్ బేలోకి పోకుండా రోడ్డు నడిమధ్యన ఆపుతారని. నిజమే, నేనూ ఆపాను. ఎందుకో చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు.

బేలో ముందే నాలుగు ఆటోలుంటాయి. పక్కనే ఒక మిర్చిబజ్జీల బండి. సరే, అవేవీ లేవనుకుందాం, బుద్ధిగా లోపలికి పోయాననుకుందాం. జనం ఎక్కారు, కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు. కుడి ఇండికేటర్ వేసి అద్దంలో చూస్తాను. నా ఇండికేటర్ వెలగ్గానే వెనక వస్తున్న కారు నెమ్మదించదు, వేగం పెంచుతుంది! బస్సు ముందుకొస్తే తను దాని వెనక ఇరుక్కుపోతానని. ఆ కారు వెనక ఇంకోటి. నేను బేలోనే రెండు మూడు నిమిషాలు. రూటు పొడుగునా స్టాపు స్టాపుకీ ఇదే అయితే ట్రిప్పు ముప్పావు గంట లేటు, డిపోలో మాటలు పడాలి. అందుకని డ్రైవర్ ఏం చేస్తాడు? అసలు లోపలికే పోడు. బస్సును వాలుగా పెట్టి, ముక్కు రోడ్డు మీదే ఉంచుతాడు. వెనక కార్లవాళ్లు "బస్సోళ్లంతా రౌడీలు" అంటారు. మేము డిపోలో టీ తాగుతూ "కార్లోళ్లకు జాలి లేదు" అనుకుంటాం. రెండు మాటలూ నిజమే.

నేను చూసినంతలో రోడ్డు మీది చెడ్డ అలవాట్లన్నింటి కిందా ఉన్నది ఒక్కటే మాట: "నేను ఆగితే ఇంకొకడు దూరతాడు." పంక్తి భోజనాల్లో ఎవరైనా గరిటె లాక్కోవడం చూశారా? వడ్డన తన విస్తరి దాకా వస్తుందని అందరికీ నమ్మకం. అదే మనుషులు బఫేలో పళ్లెం పట్టుకుని మోచేతులతో పొడుచుకుంటారు. మన రోడ్డు బఫే అయిపోయింది.

3. ముడిని చివరి నుంచి విప్పాలి

మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర వాన, సాయంత్రం. నాలుగు వైపులవాళ్లూ తమ పచ్చలైటు చూసుకుని జంక్షన్లోకి దిగారు. అవతల జాగా ఉందో లేదో ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. అంతే, బిగుసుకుపోయింది. ముప్పావు గంట. ముందు ఇరవై మంది దిగి ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటున్నారు.

మా కండక్టర్ నాకంటే పెద్దాయన. టికెట్ల మిషన్ సంచిలో పెట్టుకుని దిగాడు. ముందుకు పోతాడనుకున్నాను. వెనక్కి పోయాడు. బస్సుకు ఆనుకుని ఉన్న బైకుల దగ్గర మొదలుపెట్టలేదు, వాటి వెనక ఎక్కడో, వరుస చివరన మొదలుపెట్టాడు. "తమ్ముడూ, రెండడుగులు ఎనక్కి. అమ్మా, జర ఎనక్కి." ఒక్కొక్కరినే. పదిహేను నిమిషాలకు నా బస్సు వెనక ఆరడుగుల జాగా వచ్చింది. నేను ఆరడుగులు వెనక్కి తీశాను. ఆ సందులోంచి ఒక కారు పక్కకు జరిగింది, దాని వెనక ఆటో కదిలింది, ఆటో కదిలాక అవతలి వరుస మొత్తం పారింది. వానలో తడిసి బస్సెక్కి ఆయన అన్న మాట: "ముందలున్నోడు ఎంత అరిచినా ఎటు పోతడయ్యా? జాగా ఎనకుంటది."

అప్పటి నుంచి నాది ఒకే నియమం. లైటు పచ్చగా ఉన్నా, అవతల నా బండి పట్టేంత చోటు కనబడితేనే జంక్షన్లోకి దిగేది. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ.

4. హారన్ ఎర్రలైటును మార్చలేదు

సిగ్నళ్లకు సెకన్లు లెక్కపెట్టే బోర్డులు వచ్చాక మంచి జరుగుతుందనుకున్నాం. ఇప్పుడు అయిదు అంకె పడగానే హారన్లు, మూడుకు సగం బండ్లు గీత దాటి ఉంటాయి. అటువైపు ఆఖరి ఆటో పసుపులో పడి ఇంకా వస్తూనే ఉంటుంది. ఈ మూడు, ఆ పసుపు కలిసేచోటే అద్దాలు పగిలేది. పచ్చ పడ్డాక "ఒకటి, రెండు" అనుకుని, కుడివైపు చూసి కదలండి. ఆ రెండు సెకన్లకు ఎవడి ఉద్యోగమూ పోదు.

5. ఆగిన బస్సుకు ఎడమ పక్క నుంచి పోవద్దు

ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను. ఆగిన బస్సులోంచి మనిషి ఎడమవైపే దిగుతాడు. చేతిలో సంచీ, చంకలో పిల్ల, చూపు కిందిమెట్టు మీద. అదే సందులోంచి బైకు సర్రున వస్తుంది. డ్రైవర్‌కు అద్దంలో ఆ మూల పూర్తిగా కనబడదు. దిగేవాడి పాదానికీ ఆ చక్రానికీ మధ్య జానెడు దూరం ఉండటం వందసార్లు చూశాను. కొన్నిసార్లు ఆ జానెడూ లేదు. అవి ఇక్కడ రాయను.

6. రాంగ్ రూట్‌కు కారణం ఉంటుంది, అయినా తప్పే

చాలా చోట్ల జంక్షన్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. ఎదురుగా కనబడే దుకాణానికి పోవాలన్నా కిలోమీటరు తిరిగి రావాలి. ఆర్డరు పట్టుకుని పరుగెత్తే కుర్రాడికి ఆ కిలోమీటరు పెట్రోలు, టైము. వాడి లెక్క నాకు అర్థమవుతుంది. ఆ లెక్క వాడొక్కడిదే కాదు.

రిటైరయిన మరుసటి ఏడాది పెరుగు ప్యాకెట్ కోసం స్కూటర్ మీద రెండొందల గజాలు నేనే రాంగ్ రూట్లో పోయాను. ఎదురుగా సిటీ బస్సు. సరిగ్గా నా ముందు ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. కొత్తగా చేరినప్పుడు నెల రోజులు నా పక్కన నిలబడి రూటు నేర్చుకున్న పిల్లవాడు. తిట్టలేదు. "సార్... మీరు గూడానా?" అన్నాడు. స్కూటర్ దిగి, తోసుకుంటూ ఫుట్‌పాత్ పక్కనే వెనక్కి వచ్చాను. పెరుగు లేకుండానే ఆ పూట భోజనం. ఇన్నేళ్లలో నాకు పడ్డ పెద్ద చలానా అదే.

7. డిప్పర్ కొట్టడం చేతకాకపోతే రాత్రి బండి తీయకండి

ఎదుటి బండి కనబడగానే లైటు దించాలి. ఊరి నడుమ, ఇన్ని వీధిదీపాల కింద హై బీమ్ ఎవరికి కావాలి? ఎదుటివాడి కళ్లు చీకట్లు కమ్మితే వాడు వచ్చి గుద్దేది మిమ్మల్నే. దీనికింతకంటే పాఠం అక్కర్లేదు.

8. కెమెరాకు భయపడి నేర్చుకున్నది కెమెరా దాకే

మోచేతికి వేలాడే హెల్మెట్ చౌరస్తా కనబడగానే తలకెక్కుతుంది, దాటగానే మళ్లీ మోచేతికి. నంబర్ ప్లేటు పైకి వంచేవాళ్లు, మాస్కు తొడిగేవాళ్లు. కరోనా వచ్చినప్పుడు మూతికి పెట్టుకోని వాళ్లు సైతం ప్లేటుకు మాత్రం పెట్టారు. 2022లో ఒకసారి, 2023 ఆఖర్లో ఇంకోసారి పాత చలానాలకు రాయితీ ఇచ్చారు. రెండోసారి బైకులకు 80 శాతం తగ్గింపు. అదేం పాఠం నేర్పిందో మా వీధి చివరి టీకొట్టు దగ్గర విన్నాను: "ఇప్పుడే కట్టుడెందుకురా, మల్ల ఆఫర్ వస్తది." క్రమం తప్పకుండా కట్టినవాణ్ణి అక్కడ అందరూ అమాయకుణ్ణి చూసినట్టు చూశారు. ఈ బఫేలో వరసలో నిలబడేవాడికి ఎప్పుడూ అదే మర్యాద.

9. అంబులెన్స్‌కు తోక అవ్వొద్దు

అంబులెన్స్‌కు దారివ్వకపోతే పదివేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అని 2019లో సవరించిన మోటారు వాహన చట్టంలో రాశారు. మన ఊళ్లో దారి ఇస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అది పోగానే దాని వెనక నలుగురు పట్టుకుంటారు. ఎవరో చావుబతుకుల్లో పడి తెచ్చుకున్న దారిలో వీళ్లు ఆఫీసుకు పోతారు. పక్కకు జరిగినవాడికి అది చూసి ఒళ్లు మండుతుంది. రేపు జరగబుద్ధి కాదు. తోక పట్టినవాడు దొంగిలించింది ఆ బుద్ధిని.

10. సైడ్ ఇచ్చినవాడికి చెయ్యెత్తండి

లారీవాళ్లలో, బస్సువాళ్లలో పాత అలవాటు ఇది. దారిచ్చినవాడికి కిటికీలోంచి చెయ్యి ఒకసారి లేస్తుంది. దానికి పెట్రోలు ఖర్చు లేదు. కానీ నేను ఇచ్చిన సందు దొంగల పాలు కాలేదని, ఎవరో గుర్తించారని మనసుకు తెలుస్తుంది. పోయిన నమ్మకం ఫ్లైఓవర్లతో రాదు. వస్తే ఇట్లా, ఒక చెయ్యి ఒక చెయ్యిగా రావాలి.

నెల రోజుల శిక్షణలో చివరి రోజున కూకట్‌పల్లి దగ్గర ఒక బస్సు బేలోంచి బయటకు రావాలని చూస్తోంది. కుడి ఇండికేటర్ కొట్టుకుంటోంది. నేను నోరు తెరవలేదు, మాటిచ్చాను కదా. మా కోడలు తనంతట తానే బ్రేకు తొక్కి ఆగింది. వెనక హారన్లు. ఆగింది. బస్సు నెమ్మదిగా రోడ్డెక్కింది. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యెత్తాడు.

"మీకు తెలిసినాయనా మామయ్యా?"

"తెలీదమ్మా. నీకే ఎత్తాడు."

ఆ పిల్ల నవ్వి, బస్సుకూ తన కారుకూ మధ్య కొంచెం జాగా వదిలి కదిలింది. ఆ జాగాలోకి ఎడమ నుంచి ఒక స్కూటీ దూరింది. నా కాలు మళ్లీ లేని బ్రేకు తొక్కింది. ఆమె మాత్రం ఏమీ అనకుండా, ఇంకాస్త జాగా వదిలింది.