కేంద్రకం లేని ముక్క కూడా దారి తప్పదు

లాస్యా,

కళ్ళూ మెదడూ లేని కణం తిన్నగా ఎలా పోతుందని అడిగావు. రసాయనం ఎటు పిలిస్తే అటు పోతుందని నీ పాఠంలో ఉండే ఉంటుంది. తెల్లరక్తకణం బాక్టీరియా జాడ పట్టేది అలాగే, కాదనను. కానీ పిలిచేవాళ్ళెవరూ లేనిచోట కూడా కొన్ని కణాలు పట్టిన దిక్కు వదలవు. అసలు చిత్రం అక్కడుంది.

చేప పొలుసొకటి పీకి, పోషక ద్రవంలో గాజుపలక మీద ఉంచితే దాని నుంచి కెరటోసైట్లనే చర్మకణాలు పాకి బయటికొస్తాయి. అర్ధచంద్రాకారంలో ఉంటాయి, వంపు ముందుకు. నిమిషానికి పది ఇరవై మైక్రాన్లు పోతాయి, ఆకారం చెదరదు. ముందంచున ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు పెరుగుతూ పొరను తోస్తుంటే, వెనక మయోసిన్ అనే మరో ప్రోటీన్ వాటిని లాగి కుదిస్తుంది.

వీటి నుంచి తెగిన చిన్న ముక్కలు, కేంద్రకం లేకపోయినా, పాకుతూనే ఉంటాయని 1984లో ఆయిటెనాయర్, ష్లివా అనే శాస్త్రవేత్తలు చూపించారు. అంటే దారి చూపే పెద్ద కేంద్రకం కాదన్నమాట! 1999లో వెర్కోవ్‌స్కీ, స్విట్‌కినా, బోరిసీ ఇంకాస్త ముందుకెళ్ళారు. కదలకుండా గుండ్రంగా పడున్న ముక్క మీదికి ఒక పక్కనుంచి సన్నటి గొట్టంతో ద్రవం చిమ్మారు. అది అర్ధచంద్రంగా మారి నడక మొదలెట్టింది. చిమ్మడం ఆపినా నడక ఆగలేదు.

ఎందుకంటావా? కణం ముందుకు పోతుంటే లోపలి ఆక్టిన్ వెనక్కి ప్రవహిస్తుంది. ఆ ప్రవాహమే మయోసిన్‌ను వెనక్కి చేరుస్తుంది. అక్కడ చేరిన మయోసిన్ కొత్త అంచు లేవనివ్వదు, ప్రవాహాన్నీ నడిపిస్తుంది. నడకే దిక్కును కాస్తుంది, దిక్కు నడకను కాస్తుంది. అందుకే వేగంగా పోయే కణం ఎక్కువసేపు తిన్నగా పోతుందని 2015లో రకరకాల కణాల మీద చేసిన పరిశోధన తేల్చింది. తెల్లరక్తకణాల్లో బిగిసిన పైపొర కూడా రెండో ముందంచు లేవకుండా ఆపుతుంది. పిలుపు వెనక నుంచి వస్తే అవి చాలాసార్లు ముందువెనకలు మార్చుకోవు, చుట్టూ తిరిగొస్తాయి.

అలాగని పట్టుదలే గొప్ప అనుకోకు. ముందంచు పెరుగుదలకు కళ్ళెం వేసే ఆర్పిన్ అనే ప్రోటీన్‌ను 2013లో కనుక్కున్నారు. అది తీసేసిన కణాలు మరింత జోరుగా, తిన్నగా పోయాయి. ఆ కళ్ళెం ఉంటే కణానికి మలుపు తిరగడం తేలిక.

ఈసారి కణాల వీడియో చూసేటప్పుడు ముందంచును వదిలెయ్, వెనకంచును చూడు.

మీ తాతయ్య