కోడ్ చెప్పనిది

రేడియోలు, టీవీలు, మిక్సీల తర్వాత నా బల్ల మీదికి ఇండక్షన్ స్టవ్ వచ్చింది. సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి 6 మాత్రమేనని 2012 సెప్టెంబరులో కేంద్రం అన్నాక సూర్యాపేటలో ఎవరింట విన్నా దాని మాటే. తర్వాత ఆ 6 కాస్తా 9 అయ్యాయి, 2014లో 12 అయ్యాయి. కొన్న స్టవ్‌లు మాత్రం వంటింట్లోనే ఉండిపోయాయి, వాటి మీద మెరిసే ఎర్ర అంకెల ఎర్రర్ కోడ్‌లతో సహా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ రిపేరు పని పట్టుకున్న పిల్లల కోసం నాకు తెలిసినంత రాస్తున్నాను.

1. కోడ్‌ను కంపెనీని బట్టి చదవాలి.

ఒక కంపెనీకి ఈ-0 అంటే గిన్నె లేదని. ఇంకో కంపెనీ అదే సంగతిని ఈ-1 అంటుంది. ఒకదాంట్లో ఈ-3 వస్తే కరెంటు ఎక్కువొస్తోందని, మరోదాంట్లో అద్దం కింది సెన్సర్ తెగిందని. ఫోన్‌లో దొరికిన జాబితా చూసి సెన్సర్ మార్చి, తగ్గకపోతే కాయిల్‌ను నడిపే స్విచ్, అంటే ఐజీబీటీ మార్చి, అప్పటికీ తగ్గకపోతే "బోర్డే పోయిందక్కా" అనే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి సెంటర్లో ఉన్నారు. లోపలి చిప్‌కు తెలిసేది చాలా కొద్ది. అద్దం కింద ఒక థర్మిస్టర్, ఐజీబీటీ పక్కన ఇంకొకటి, వచ్చే వోల్టేజ్‌ను కొలిచే రెసిస్టర్ల వరస, లోపల పారే కరెంటు లెక్క. వీటిలో ఏదో ఒకటి గీత దాటిందని మాత్రమే అది చెప్పగలదు. ఎందుకు దాటిందో వెతికినందుకే మనకు డబ్బులిచ్చేది.

2. స్క్రూడ్రైవర్ కంటే ముందు అయస్కాంతం తియ్యి.

పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం ముక్క ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. గిన్నె అడుగున అది అంటుకోకపోతే స్టవ్ విప్పే పనే లేదు. సిల్వర్ గంజు పెట్టి "పొద్దున్నుంచి కూత పెడుతోంది" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. స్టీలు గిన్నెల్లోనూ అన్నీ పట్టవు. గిన్నె సంగతి తేలాక గోడ వైపు చూడు. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్లోనో, సన్న తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో గుచ్చితే పిన్ను వేడెక్కి ప్లాస్టిక్ కమురుతుంది, వదులైన ఆ చోటే వోల్టేజ్ పడిపోతుంది. స్టవ్ ఏమో లోవోల్టేజ్ అంటుంది. ఏసీకి వాడే పవర్ ప్లగ్గులో పెట్టి చూపించు, సగం కేసులు అక్కడే తేలతాయి. ఇంటికి పోయి చూడకుండా షాపుకే తెమ్మనే మెకానిక్‌కు ఈ సంగతి ఎప్పటికీ అంతుపట్టదు.

3. కొన్ని కోడ్‌లు ఊరివి.

నాట్ల కాలంలో బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఎక్కితే చుట్టుపక్కల పల్లెల్లో వోల్టేజ్ కిందికి జారుతుంది. షాపులో ఇడ్లీ పాత్ర పెట్టి చూస్తే నిక్షేపంగా నడిచిన స్టవ్, సాయంత్రం ఇంట్లో మళ్లీ కోడ్ చూపిస్తుంది. మీటర్ పట్టుకుని, స్టవ్ నడుస్తుండగా, వాళ్లు వండుకునే వేళకే కొలవాలి. ఖాళీ సాకెట్లో 230 కనబడినంత మాత్రాన నమ్మొద్దు.

మిర్యాలగూడలో ఒక గాలివాన మర్నాడు ఒకే వీధి నుంచి స్టవ్‌లు, టీవీలు, సెట్‌టాప్ బాక్సులు మూటలుగా వచ్చాయి. న్యూట్రల్ తెగింది. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ లేకపోతే ఆ 400ను ఇళ్లన్నీ తమ వాడకాన్ని బట్టి పంచుకుంటాయి, ఒక ఇంట్లో బల్బు మిణుకుమంటే పక్కింట్లో 300 దాటుతుంది. అప్పటికి పొయ్యి మీద ఏమీ లేక, హైవోల్టేజ్ కోడ్ చూపి ఊరుకున్న స్టవ్‌లు కొన్ని బతికి బయటపడ్డాయి. వాటి యజమానులే "ఈ కోడ్ రాకుండా చెయ్యి సారూ" అని నా మీద పడ్డారు! లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా మెయిన్ ఆపండని చెప్పి పంపాను. గోడలో అంతా సవ్యంగా ఉండి కూడా వోల్టేజ్ కోడ్ పోకపోతే అప్పుడు బోర్డు మీది పెద్ద విలువ రెసిస్టర్లను చూడు. లక్షల ఓమ్‌లవి, ఏళ్ల మీద విలువ పెరిగిపోతాయి. కాలినట్టు కంటికేమీ కనబడదు, ఒక కాలు ఊడదీసి కొలవాల్సిందే.

4. మే నెలలో మీటర్‌ను తొందరపడి నమ్మకు.

అద్దం కింది థర్మిస్టర్ 100 కే అని పుస్తకంలో ఉంటుంది. అది 25 డిగ్రీల దగ్గరి మాట. వేడి పెరిగే కొద్దీ దాని విలువ దిగుతుంది. మన దగ్గర మే మధ్యాహ్నం, రేకుల కింద బల్ల మీద 40 డిగ్రీలు దాటినప్పుడు మంచి థర్మిస్టర్ కూడా 50 కే దగ్గరే చూపిస్తుంది. పోయిందని పారేసిన మంచివి నా చెత్తబుట్టలోనూ ఉండేవి. వేళ్ల మధ్య పట్టుకుని చూడు, విలువ నెమ్మదిగా కదిలితే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎక్కడా కదలకపోయినా, ఉన్నట్టుండి ఎగిరినా మార్చెయ్యి. మార్చినప్పుడు అద్దానికి ఆనే చోట తెల్ల పేస్టు రాయడం మరిచిపోవద్దు.

వేడి కోడ్‌కు అసలు కారణం చాలాసార్లు కింద ఉంటుంది. ఫ్యాన్ రెక్కలకు పిండి, నూనె జిడ్డు, తలవెంట్రుకలు కలిసి చాపలా అట్టకట్టి ఉంటాయి. వెచ్చగా ఉంటుందని బొద్దింకలు బోర్డు కింద కాపురం పెడతాయి. చిప్ కాళ్ల మధ్య చచ్చిన బొద్దింక చెమ్మకు, ఉప్పుకు కరెంటు దారి తప్పి రోజుకో కోడ్ వస్తుంది. బొద్దింక కోడ్ అని ఏ కంపెనీ రాయలేదు. ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో) ముంచిన బ్రష్షుతో కడిగి, బాగా ఆరబెట్టాకే ప్లగ్ పెట్టు.

5. ఫ్యూజు ఊరికే పోదు.

అసలు వెలగని స్టవ్ విప్పితే ఫ్యూజు నల్లగా మాడి ఉంటుంది. దాని వెనక ఐజీబీటీయో, బ్రిడ్జో షార్టయి ఉంటుంది. రెండూ మార్చి నేరుగా ప్లగ్ పెట్టావో, టపాకాయ పేలినట్టు పేలి కొత్తవీ పోతాయి. 100 వాట్ల బల్బును సిరీస్‌లో కట్టి మొదటిసారి కరెంటు ఇవ్వు. బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఇంకా ఉన్నట్టు. వెలగకపోతే, బల్బు తీసి నేరుగా ప్లగ్ పెట్టే ముందే, ఐజీబీటీ గేటు నడిపే 18 వోల్టులు సరిగా వస్తున్నాయో లేదో కొలువు.

ఇంకో సంగతి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు. నా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చిన ఓ పిల్లవాడికి ఇది చెప్పడం రేపటికి వాయిదా వేశాను. ఆ సాయంత్రమే షాక్ కొట్టి బల్ల అంచుకు మోచెయ్యి చితికింది. గాయం మానింది, వాడు మాత్రం మళ్లీ బోర్డు ముట్టలేదు. చేతి చురుకుదనం ఉన్న పిల్లవాడు. బల్బుతోనో, రెసిస్టర్‌తోనో కెపాసిటర్‌ను ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాలని ఇప్పుడు మొదటి రోజే చెబుతాను.

6. పొయ్యి మారితే లెక్క తిరగబడుతుంది.

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాళ్ల పొయ్యి, ఓవెన్ కలిసి ఒకే యంత్రం, అక్కడివాళ్లు రేంజ్ అంటారు. దాని మీద ఎఫ్ కోడ్ వచ్చి ఓవెన్ ఆగిందని వీడియో కాల్ చేశాడు. బోర్డు ధర చెప్పారట, గుండె గుభేలుమంది. ముందు ప్యానెల్లో బ్రేకర్ ఆపించాను. అక్కడ ఒక్కో తీగ 120 వోల్టులు, రెండూ కలిస్తే 240. వెనక రేకు విప్పించి సెన్సర్ కొలిపించాను. వాళ్ల ఓవెన్ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు 1080, 1100 ఓమ్‌ల దగ్గర ఉండాలి, వేడెక్కితే పెరుగుతుంది. మన థర్మిస్టర్‌కు సరిగ్గా తలకిందులు. సెన్సర్ దగ్గర 1090 వచ్చింది, బోర్డు చివర కొలిస్తే అంకె నిలకడగా లేదు. మధ్యలోని కనెక్టర్ పిన్ను వేడికి మాడి ఉంది. పింగాణీ కనెక్టర్లతో కలపమన్నాను, మామూలు ప్లాస్టిక్‌వి ఓవెన్ వెనక నిలవవు.

7. అద్దం పగిలితే కోడ్ రాదు.

ఎర్త్ పిన్ను విరిచేసినా రాదు. యంత్రం ఫిర్యాదు చెయ్యదు, అన్నం ఉడుకుతూనే ఉంటుంది. చీలికలోంచి పొంగిన గంజి దిగితే కింద ఉన్నది కాయిలూ, గోడ కరెంటుతో నేరుగా కలిసిన బోర్డూ. కోదాడలో ఒకామె పగులు మీద ఎం-సీల్ రాసుకుని, వేరే కోడ్ బాగు చెయ్యమని తెచ్చింది. అద్దం మార్చనిదే ముట్టనన్నాను. అద్దం ఖర్చుకు ఇంకో ఐదారొందలు వేస్తే కొత్త స్టవ్ వస్తుందని ఆమె వాదన, అదీ నిజమే. అయితే కొత్తదే కొనమ్మా అంటే, "ఇప్పుడు నా దగ్గర అంత లేదు సారూ" అని స్టవ్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. రెండు షాపుల అవతల ఎవరో చేసిచ్చారట.