బొమ్మల కథతో మందుల పాఠం

ఈ సంచికలో పాఠం పశువులకు వాడే మందుల గురించి. ఆ జాగ్రత్తలను చదువు రాని సభ్యులకు కూడా అర్థమయ్యేలా బొమ్మల కథగా ఎలా చెప్పవచ్చో వివరిస్తున్నాము.

1. ఒక సంఘంలో జరిగిన సంగతి

మేము ఒక సంఘానికి వెళ్లినప్పుడు చూసినది ముందు చెబుతాము. ఆ ఊళ్లో పాలు పోసే ఒక పెద్దావిడ గేదెకు పొదుగువాపు వచ్చింది. డాక్టరు గారు వచ్చి, వాచిన చన్నులోకి ట్యూబు మందు ఎక్కించి వెళ్లారు. ఆ రోజు పాలు ఆమె పారబోసింది. మరునాడు పాలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. గడ్డలు లేవు, వాసన లేదు. ఇక ఫరవాలేదనుకుని కేంద్రంలో పోసింది. లాక్టోమీటరు సరిగానే చూపింది. వెన్న శాతమూ బాగానే వచ్చింది. ఆ క్యానులోని పాలు కొనుక్కున్న ఇంట్లో మాత్రం పెరుగు తోడుకోలేదు.

మేము ఆమె ఇంటికి వెళ్లి, చూరులో దోపి ఉంచిన ఖాళీ ట్యూబు చూపించి, "ఎన్ని రోజులు పాలు పోయకూడదో దీని మీదే రాసి ఉందమ్మా" అన్నాము. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "చీమ తలకాయంత అక్షరాలు, పైగా ఇంగ్లీషు. నాకు తెలుగే రాదు నాయనా" అన్నది. మా దగ్గర జవాబు లేదు. ఆమె మోసం చేయలేదు. ఆమెకు అర్థమయ్యే విధంగా మనమే చెప్పలేదు.

2. మందు పాలలోకి ఎలా వస్తుంది?

పశువుకు సూది ద్వారా గాని, పొదుగులోకి గాని ఇచ్చిన మందు కొంత పాలలోకి దిగుతుంది. చివరి మోతాదు పడినప్పటి నుంచి ఆ మందు పాలలో హానిలేని స్థాయికి తగ్గేదాకా ఆగవలసిన కాలాన్ని "పాలు ఆపే గడువు" అందాం. దీన్నే డాక్టర్లు విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. ఈ విషయంలో సభ్యులు సాధారణంగా పొరబడే సంగతులు నాలుగు.

మొదటిది: ఒక చన్నుకే మందు ఎక్కించాము గనుక మిగతా మూడు చన్నుల పాలు పోయవచ్చు అనుకోవడం. మందు రక్తంలో కలిసి మిగతా చన్నులకూ చేరుతుంది. గడువు నాలుగు చన్నులకూ వర్తిస్తుంది.

రెండవది: కాస్తే పోతుందనుకోవడం. పాలు కాచినా, డెయిరీలో పాశ్చరైజు చేసినా చాలా యాంటీబయాటిక్ మందులు పూర్తిగా పోవు.

మూడవది: అందరి పాలలో కలిస్తే పలచబడిపోతుందనుకోవడం. ఒక పశువు పాలే క్యానునంతా పాడు చేయగలవు. పెరుగు తోడుకోవాలంటే తోడులోని సూక్ష్మజీవులు పెరగాలి. ఆ మందు వాటినే ఆపుతుంది.

నాలుగవది: పాలు బాగా కనబడితే మందు లేదనుకోవడం. మందుకు రంగు, రుచి తెలియదు. వెన్న పరీక్షలోనూ బయటపడదు.

దీనివల్ల నష్టం పెరుగుతో ఆగదు. పెనిసిలిన్ పడనివారికి ఆ పాల వల్ల దద్దుర్లు రావచ్చు, ఒక్కోసారి ప్రమాదం కూడా కావచ్చు. కొద్దికొద్దిగా మందు తగులుతూ ఉంటే రోగక్రిములు దానికి అలవాటుపడతాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ జాతి మందులు పనిచేయకపోవచ్చు.

2012 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మందుల నిబంధనలను సవరించింది. పాలు, గుడ్లు, మాంసం ఇచ్చే జీవాలకు వాడే మందు లేబులు మీద ఈ గడువు తప్పనిసరిగా ముద్రించాలి. ప్రత్యేకంగా నిర్ధారించిన గడువు లేని మందుకు పాల విషయంలో కనీసం 7 రోజులు ఆగాలి. నిబంధన మంచిదే. కాని అది లేబులు మీది చిన్న అక్షరాల్లో ఉంది. చదువు రాని సభ్యురాలి దాకా దాన్ని చేర్చే పని సంఘానిది.

3. బొమ్మల కథ పిల్లల కాలక్షేపం కాదు

బొమ్మలు చూపిస్తూ కథ చెప్పడం మనకు కొత్త కాదు. తెలంగాణలోని చేర్యాల పటం అలాంటిదే. పొడవాటి గుడ్డ మీద వరుసగా గీసిన బొమ్మలను ఒక్కొక్కటే విప్పి చూపుతూ కథకులు ఊరందరికీ కులపురాణాలు చెప్పేవారు. అక్షరం రానివారికి కూడా కథ పూర్తిగా గుర్తుండేది.

మందుల జాగ్రత్తకు ఈ పద్ధతిని ఇతరులూ వాడారు. అమెరికాలో 1971లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ కోరిక మీద స్పైడర్‌మ్యాన్ కథల రచయిత స్టాన్ లీ మాత్రల దుర్వినియోగం గురించి మూడు సంచికల కథ రాశారు. మందుల ప్రస్తావనే కూడదని అక్కడి కామిక్స్ నియమావళి సంఘం ఆమోదముద్ర ఇవ్వలేదు. ప్రచురణకర్తలు ముద్ర లేకుండానే అచ్చువేశారు. ఆ ఏడాదే నియమాన్ని సడలించారు. మనం గమనించవలసింది ఏమిటంటే, ఆ కథలో మాత్రలు మింగి ప్రమాదంలో పడినవాడు ఎవరో దుర్మార్గుడు కాదు. కథానాయకుడితో ఒకే గదిలో ఉండే స్నేహితుడే. తప్పు మనవాళ్ల ఇంట్లో జరిగినట్టు చూపితేనే చదివేవాడు తన ఇంటి వంక చూసుకుంటాడు.

1990లలో యూనిసెఫ్ వారు దక్షిణాసియా పిల్లల కోసం మీనా అనే పల్లెటూరి బాలిక కథలను చిత్రాలుగా, బొమ్మల పుస్తకాలుగా తెచ్చారు. మన దేశపు చిత్రకారుడు రామ్ మోహన్ వాటికి పనిచేశారు. బొమ్మలు ఖాయం చేసేముందు అనేక చోట్ల ప్రజలకు చూపించి, వారి అభిప్రాయాలు తీసుకున్నారు. మరొక ఉదాహరణ మన దేశంలోనే శరద్ శర్మ గారు నడిపిన వరల్డ్ కామిక్స్ ఇండియా. అక్కడ చిత్రకారులతో పని లేదు. ఊరివాళ్లే తమ సమస్యను నాలుగు గళ్లలో గీసి, గోడకు అంటిస్తారు.

4. మన సంఘానికి ఆరు బొమ్మల కథ

మీ సంఘంలో బొమ్మలు వేయగల హైస్కూలు పిల్లలు ఉంటారు. వారిచేత ఈ ఆరు గళ్లు గీయించండి.

మొదటి బొమ్మ: అత్త గేదె పాలు పితుకుతుంది. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండితే గడ్డలు కనిపించాయి. "అమ్మాయ్, డాక్టరు గారికి కబురు పెట్టు" అంటుంది.

రెండవ బొమ్మ: డాక్టరు గారు మందు ఎక్కించారు. కోడలు అడుగుతుంది: "డాక్టరు గారూ, ఎన్ని పూటలు పాలు పోయకూడదు?" ఈ ప్రశ్న పెద్ద అక్షరాలలో ఉండాలి. పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మూడవ బొమ్మ: డాక్టరు గారు కొట్టం గోడ మీద బొగ్గుతో వరుసగా సున్నాలు చుడుతున్నారు. పూటకో సున్నా. "చివరి మందు పడిన తర్వాతనే వీటిని కొట్టివేయడం మొదలుపెట్టండి" అంటారు. గేదె కొమ్ముకు ఎర్రగుడ్డ కట్టారు.

నాలుగవ బొమ్మ: మిగతా పశువులను ముందు పితికి, ఎర్రగుడ్డ గేదెను చివర, వేరే గిన్నెలో పితుకుతున్నారు. పితకడం మానితే పొదుగువాపు ముదురుతుంది. ఆ పాలు గోతిలో పోస్తున్నారు.

ఐదవ బొమ్మ: "పాలు తెల్లగానే ఉన్నాయి గదే!" అని అత్త క్యాను వైపు చూస్తుంది. కోడలు గోడ చూపిస్తుంది. "ఇంకా మూడు సున్నాలు ఉన్నాయి అత్తయ్యా."

ఆరవ బొమ్మ: సున్నాలన్నీ కొట్టివేశారు. ఎర్రగుడ్డ విప్పారు. అత్త కేంద్రంలో పాలు పోస్తుంది.

5. గీసేటప్పుడు జాగ్రత్తలు

గోడబొమ్మ మీద రోజుల సంఖ్య రాయకండి. మందు మందుకూ గడువు మారుతుంది. ఒక అంకె వేస్తే అన్ని మందులకూ అదే అనుకుంటారు. అడగడం నేర్పితే చాలు.

గళ్లకు 1 నుంచి 6 వరకు అంకెలు వేయండి. లేకపోతే కొందరు పైనుంచి కిందికి, కొందరు పక్కకు చూసి కథ తారుమారు చేసుకుంటారు. తెలంగాణ సంఘాల వారు గేదె అనకుండా బర్రె అనే రాయండి. అంటించేముందు చదువు రాని ముగ్గురు సభ్యులకు చూపించి, "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడగండి. వారు చెప్పిన కథ మీరు అనుకున్నది కాకపోతే బొమ్మ మార్చండి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. నష్టాన్ని దాచకండి. రోజుకు 6 లీటర్లు ఇచ్చే గేదెకు 7 రోజుల గడువు పడితే 42 లీటర్లు పోతాయి. 40 లీటర్ల క్యాను నిండి ఇంకా మిగులుతాయి. మందు వేసిన రోజుల పాలు దీనికి అదనం. పాలబిల్లు మీద బతికే ఇంటికి ఇది చిన్న దెబ్బ కాదు. అందుకే ఐదవ బొమ్మలో అత్త క్యాను వైపు చూడాలి. ఆమెకు ఆశ పుట్టినట్టు చూపకపోతే మన సభ్యులు కథను నమ్మరు. ఆమెను దొంగలాగా చూపితే ఇక ఎవరూ మందు వేసిన సంగతి కేంద్రంలో చెప్పరు, దాచుకుంటారు.

కనుక బొమ్మ అంటించే రోజునే పాలకవర్గం ఒక తీర్మానం చేయడం మంచిది. మందు వేశామని ముందుగా చెప్పి పాలు ఆపిన రోజులను, బోనసు లెక్కలో గాని సభ్యత్వ హక్కుల లెక్కలో గాని, పాలు పోయని రోజులుగా పరిగణించకూడదు. నిజం చెప్పినవారికి సంఘం అండ ఉంటేనే గోడ మీది కథ ఇళ్లలోకి వెళుతుంది.

6. సమావేశంలో చర్చకు ప్రశ్నలు

(అ) గడచిన సంవత్సరం మన ఊళ్లో ఎందరి పశువులకు పొదుగువాపు వచ్చింది? వారిలో ఎందరు గడువు అడిగారు?

(ఆ) కేంద్రంలో పాలు తీసుకునేవారు "మందు వేశారా?" అని అడుగుతున్నారా?

(ఇ) డాక్టరును పిలవకుండా దుకాణంలో మందు కొన్నప్పుడు గడువు ఎవరు చెబుతారు?

(ఈ) పాలు ఆపిన సభ్యులకు మన సంఘం ఏ విధంగా తోడ్పడగలదు?

ఈ పాఠాన్ని పాలు పోసే వేళ కేంద్రంలో ఒకరు బిగ్గరగా చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. మీ ఊరి పిల్లలు గీసిన బొమ్మల కథలను మాకు పంపించండి. బాగా కుదిరినవాటిని పిల్లల పేర్లతో రాబోయే సంచికలలో ప్రచురిస్తాము.