రెండు విందులు

పాఠ్యభాగములు: లూకా 15:11–32, లూకా 16:19–31



డిసెంబరు నెల వచ్చినదనగా మన ఇండ్లలో మొదట వినబడునది బట్టల మాటయే. పంట అమ్మినవారును, కూలి డబ్బు కూడబెట్టినవారును పిల్లలను వెంటబెట్టుకొని పట్టణమునకు బయలుదేరుదురు. ఆ బస్సులో మేమును ఉందుము. గనుక ఈ పాఠము ఇతరులను తప్పుపట్టుటకు వ్రాయుచున్నది కాదు. గడచిన డిసెంబరులో మేము గడపిన ఒక దినమును మీ యెదుట పెట్టి, దానిని మీతో కలిసి వాక్యపు వెలుగులో చూడగోరుచున్నాము.

1. మేము గడపిన దినము

ఆ శనివారము ఉదయము ఏడు గంటల బస్సునకు మేమును, మా ఇంటివారును, పిల్లలిద్దరును చీరాలకు బయలుదేరితిమి. బట్టలకు చీరాల పెట్టినది పేరు గదా. చుట్టును జాండ్రపేట, వేటపాలెము వంటి చోట్ల మగ్గములు. పట్టణములో వీధి పొడుగున దుకాణములు.

బస్సునకు త్వరపడి పోవుచుండగా, మా వీధి చివర కాపురమున్న ఒక అవ్వ తన వాకిట నిలువబడి, “అయ్యగారూ, తమరితో ఒక్క మాట చెప్పుకోవాలి” అని పిలిచినది. “సాయంత్రం వస్తానవ్వా” అని చెప్పి, నిలువకయే సాగిపోతిమి.

మొదటి దుకాణములో పిల్లలకు నచ్చినది మా సంచికి అందలేదు. రెండవ దానిలో ధర కుదిరెను గాని కొలత కుదరలేదు. మూడవ దానిలో రెండును కుదిరెను. చీర అంచు చూచుటకు మా ఇంటివారికి గంట పట్టినది. చొక్కా రంగు తేల్చుకొనుటకు మాకు పట్టిన కాలము అంతకు తక్కువ కాదని ఒప్పుకొనవలెను. మధ్యాహ్నము మాతో వేదపాఠశాలలో చదివిన ఒక స్నేహితుని ఇంట భోజనము. తరువాత బిగువైన గౌను మార్చుకొనుటకు మరల దుకాణమునకు. నాలుగు గంటలకు ఇంకొక స్నేహితుని ఇంట టీ, కేకు, అరిసెలు. రాత్రి మరియొకరి ఇంట సెమీ క్రిస్మస్ విందు. పాతసంగతులు చెప్పుకొని కడుపార నవ్వితిమి. ఎవరును చెడు మాట ఆడలేదు, చెడు పని చేయలేదు.

ఊరు చేరునప్పటికి పదకొండు కావచ్చినది. చేతుల నిండ సంచులతో అవ్వ వాకిలి దాటితిమి. లోపల దీపము ఆరియుండెను. ఆరియున్నందుకు మాకు హాయిగా తోచినది. ఆ హాయియే ఇప్పటికిని మమ్మును బాధించుచున్నది.

ఆదివారము క్రిస్మసు పాట నేర్చుకొనుటకు పిల్లలందరును వచ్చిరి గాని, అందరికంటె చక్కగా పాడు అవ్వ మనుమడు రాలేదు. సోమవారము వెళ్లి చూడగా, ఆమె కూలికి మగ్గపు కండెలు చుట్టుచుండెను.

“ఏమవ్వా, మనవడు పాటకు రాలేదేం?”

“ఎట్టా పంపేదయ్యగారూ? పండగనాడు పిల్లలంతా కొత్త బట్టలతో వరసగా నిలబడాలని తమరే గుళ్లో చెప్పారుగా. వాడికి బడి బట్టలు తప్ప లేవు. అప్పు చేసి కొనేదా, వాణ్ణి మానిపించేదా అని అడుగుదామనే మొన్న పిలిచాను. తమరు పనిలో ఉన్నారు. వాణ్ణే మానిపించా.”

ఆ ప్రకటన చేసినది మేమే. చూచుటకు ముచ్చటగా నుండునని చెప్పితిమి. మరి ఏమియు తలంపలేదు.

2. వాకిట ఉన్నవాడు

ఆ రాత్రి లూకా 16వ అధ్యాయము తెరచితిమి. అక్కడి ధనవంతుని గూర్చి మన ప్రభువు చెప్పినవి రెండే: అతని బట్టలు, అతని విందులు. దొంగిలించెనని గాని, లాజరును కొట్టించెనని గాని చెప్పలేదు.

అతడు తొడిగిన ఊదారంగు ఎంత ఖరీదైనదో తెలిసికొనుట మేలు. ఆ రంగు ఒక జాతి సముద్రపు నత్తలనుండి తీయబడెడిది. 1909లో ఫ్రీడ్లెండర్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలనుండి తీయగా వచ్చిన రంగు 1.4 గ్రాములు మాత్రమే. క్రీ.శ. 301లో రోమా చక్రవర్తి డయొక్లీషియను వస్తువులకు గరిష్ఠపు ధరలను నిర్ణయించుచు ఒక శాసనము చేసెను. అందులో ఊదారంగు పట్టు ఒక పౌనునకు 1,50,000 దేనారములు. పొలము కూలివానికి భోజనము గాక దినమునకు 25 దేనారములు. అనగా ఒక్క పౌను పట్టు 6,000 దినముల కూలికి సమానము. ఈ శాసనము ప్రభువు కాలమునకు చాల తరువాతిదైనను, ఆ రంగు ఎవరి ఒంటిమీదికి ఎక్కగలదో దీనివలన తెలియుచున్నది.

1856లో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఇంగ్లీషు యువకుడు తారునుండి తీసిన పదార్థములతో ఊదారంగు చేయు మార్గము కనుగొనెను. నేడు ఆ రంగు ఎవరైనను ధరింపవచ్చును. రంగు ధర దిగినది గాని, గుడ్డను చూచి మనిషిని కొలుచు గుణము దిగలేదు. యాకోబు తన పత్రికలో (2:1–4) మంచి బట్టలవానికి మంచి చోటును, మాసిన బట్టలవానికి నిలువబడు చోటును ఇచ్చు సమాజమును గద్దించెను. మేము మా గుడిలో ఆ నిలువబడు చోటు కూడ లేకుండ చేసితిమి.

ఇంకొక సంగతి గమనించుడి. పాతాళమునుండి ఆ ధనవంతుడు మొరపెట్టునప్పుడు లాజరును పేరుపెట్టి అడిగెను (16:24). అనగా ఆ పేరు అతనికి తెలియును! వాకిట పడియున్నది ఎవరో తెలిసియే ప్రతిదినము దాటిపోయెను. ఎరుగకపోవుట అతని తప్పు కాదు. ఎరిగియు నిలువకపోవుట అతని తప్పు. అవ్వ పేరు మాకును తెలియును.

3. తండ్రి ఇంటి విందు

అయితే లూకా సువార్తలో ఒక్క పుట వెనుకకు త్రిప్పినయెడల, అక్కడను బట్టలును విందును కలిసియున్నవి. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కొరకు తండ్రి ఇంటిలోని మేలైన వస్త్రము తెప్పించెను, క్రొవ్విన దూడను కోయించెను. మన తెలుగు బైబిలులో ఒకచోట సంతోషపడుట అనియు, ధనవంతుని విషయములో సుఖపడుట అనియు ఉన్నది గాని, గ్రీకు మూలములో రెండుచోట్లను ఉన్నది ఒకే క్రియ. చేసినది ఒకటే: మంచి బట్ట, మంచి భోజనము, సంతోషము. మరి భేదమెక్కడ?

మొదటి భేదము: ధనవంతుని వస్త్రము అతని ఒంటిమీదనే యుండెను. తండ్రి తెప్పించిన వస్త్రము పందుల యొద్దనుండి వచ్చినవాని ఒంటిమీదికి వెళ్లెను. మంచి బట్టలు కట్టుకొని రమ్మని తండ్రి కుమారునికి చెప్పలేదు. వచ్చినవానికి తానే కట్టించెను.

రెండవ భేదము: తండ్రి రెండుమారులు వెలుపలికి వెళ్లెను. దూరమున నున్న చిన్నవానిని చూచి పరుగెత్తెను. కోపముతో లోనికి రానొల్లని పెద్దవానిని బతిమాలుటకు విందు నడుమ లేచి వచ్చెను. తన ఇంటివాడు ఒకడు వెలుపల నుండగా ఆ విందు ఆయనకు సంపూర్ణము కాలేదు. ధనవంతుడో, తన వాకిటికైనను పోలేదు.

కాబట్టి మనము వేసికొనవలసిన ప్రశ్న “బట్ట ఎంతది? విందు ఎంతది?” అని మాత్రమే కాదు. “వెలుపల ఎవరున్నారు? వారియొద్దకు ఎవరు వెళ్లిరి?” అనునది.

4. బట్టలు కొనుట తప్పా?

కాదు. హన్నా ఏటేట తన చిన్న కుమారునికి అంగీ కుట్టి తీసికొనిపోయెడిది (1 సమూయేలు 2:19). ఆ తల్లి ప్రతి యేడు ఎదిగిన కొలతను మనస్సులో ఊహించుకొని కుట్టియుండును గదా. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి (అపొ. కార్య. 9:39). మన ప్రభువు కానా పెండ్లికి వెళ్లెను. స్నేహితుల ఇంట భోజనము చేయుట కూడ దేవుని ఈవియే. మా స్నేహితులను మేము నిందింపము.

అయితే రెండు జాగ్రత్తలు అవసరము. ఒకటి అప్పు. అప్పు ఇచ్చినవాడు పేదవాని వస్త్రమును తాకట్టు పెట్టుకొనినయెడల ప్రొద్దుగ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము విధించినది (ద్వితీ. 24:12–13). పేదవానికి బట్ట చలిని కాచుకొనుటకు. దానినే అప్పునకు కారణముగా చేయు పండుగ బెత్లెహేము పండుగ కాదు. ఆ శిశువు పొత్తిగుడ్డలతో పశువుల తొట్టిలో పరుండెను.

రెండవది, నేసినవారి చేతులు. 2019–20 చేనేత గణన ప్రకారము మన దేశములో చేనేత పనివారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో స్త్రీలే అధికము. నూలు సరిచేయువారు, కండె చుట్టువారు, పడుగు పోయువారు, నేయువారు, ఇందరు పనిచేసిన పిమ్మట గాని చీర మన చేతికి రాదు. దుకాణములో అంచును గంటసేపు చూచిన మేము ఆ చేతులను ఒక్క నిమిషమైనను తలంపలేదు.

5. మేము చేసినది

మరుసటి ఆదివారము బల్లయొద్ద నిలిచి మా ప్రకటనను వెనుకకు తీసికొంటిమి. కారణమును, మా తప్పును చెప్పితిమి గాని అవ్వ పేరు చెప్పలేదు. పిల్లలందరును బడి బట్టలతోనే పాడవలెనని పెద్దలు నిర్ణయించిరి. కొందరు తల్లులు సణిగిరి: “కొన్నవేం చేసేదయ్యగారూ?” వారి మాటలోను న్యాయమున్నది. కొత్త సంవత్సరపు ఆరాధనకు వేయుడని చెప్పితిమి. మా పిల్లలును మొగము ముడుచుకొనిరి.

ఆ బాలుడు తిరిగి పాటకు వచ్చుటకు మేము రెండుమారులు వారి ఇంటికి వెళ్లవలసివచ్చెను. మొదటిమారు “నేను రాను” అనెను. చిన్నవారి మనస్సులో పడిన మాట ఒక్క ప్రకటనతో తుడిచిపోదు. క్రిస్మసునాడు వచ్చి పాడెను. అవ్వ వెనుక వరుసలో కూర్చుండెను. ఆ మధ్యాహ్నము మా ఇంట భోజనమునకు వారిద్దరును వచ్చిరి. విందునకు తిరిగి పిలువలేనివారిని పిలువుడని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:12–14) మేము చాలమారులు బోధించితిమి. మా ఇంట ఆచరించినది ఆ దినముననే.

ఇంటివద్ద ఆలోచించుటకు:

(1) ఈ యేడు బట్టలకు బయలుదేరకముందు, మన వీధిలో పండుగకు రాలేనివారు ఎవరో పేరుపెట్టి చెప్పగలమా?

(2) మన గుడిలోని ఏ వాడుక, ఏ ప్రకటన ఒకరిని ఇంటియొద్దనే నిలుపుచున్నది?

(3) “సాయంత్రము వత్తును” అని చెప్పి మనము వెళ్లని ఇల్లు ఏది? ఈ వారమే అక్కడికి వెళ్లుదము. దీపము ఆరకముందే వెళ్లుదము.

ప్రార్థన: మమ్మును వెదకుచు వెలుపలికి వచ్చిన తండ్రీ, మా చేతులలోని సంచులు మా కన్నులకు అడ్డుపడకుండ చేయుము. మా వాకిట నిలిచినవారిని చూచి ఆగు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.