మిగతా కథ వెండితెరపై

చి. శ్రావణికి,

అటక సర్దుతుంటే ట్రంకు పెట్టె నిండా పాత సినిమా పాటల పుస్తకాలు దొరికాయనీ, కిలోల లెక్కన అమ్మేద్దామా అనీ అడిగావు. బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లవి, వీటిలో కళేముంది తాతయ్యా అన్నావు. కొన్నవాళ్లే వాటిని అంతగా పట్టించుకోలేదులే. ఇంటర్వెల్లో అణాకో బేడకో కొని, నాలుగు రోజులు పాడుకుని, ఆనక పొట్లాలు కట్టేసేవారు.

మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. 1921 నాటి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా అంతే. ఆనాటి నైట్రేటు ఫిలిం ఇట్టే అంటుకునేది. ఆడేసిన రీళ్లను కాసింత వెండి కోసం కరిగించడమూ ఉండేది. సినిమాలు పోయాయి, వాటిని అమ్ముకోవడానికి అచ్చేసిన కాగితాలు అక్కడక్కడా మిగిలాయి. 'ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం చెప్పుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ ఆనాటి ప్రకటనలు, సెన్సారు వివరాలు తవ్వి తీశాక, సెన్సారైంది 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేలింది. మిరపకాయ బజ్జీల కింద పోవాల్సిన కాగితం తెలుగు సినిమా పుట్టినరోజు మార్చింది!

ఒక పుస్తకం తీసి ముందు అట్ట చూడు. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోక హీరోయిన్ పెదవి పక్కకి జారి ఉంటుంది. నవ్వకు. ఉన్న రెండు మూడు రంగులతోనే వెన్నెలనీ విలన్ కోపాన్నీ ఎలా రాబట్టాడో గమనించు. గీసినవాడి పేరు చాలాసార్లు ఉండదు, ప్రెస్సు పేరు ఉంటుంది. బెజవాడదా, మద్రాసుదా, రాసిపెట్టుకో. టైటిల్ చేత్తో రాసింది. చారెడు చోటులో ఒత్తుల్ని ఎలా ఇరికించాడో, ఏ గుడిని సాగదీసి ఖాళీ నింపాడో అక్షరం అక్షరం దిద్దు. ఇప్పటి కంప్యూటర్ ఫాంట్లలో నాకు ఆ చొరవ కనపడదు.

లోపల కథాసారం. రసపట్టులో ఆపి, మిగతాది వెండితెరపై చూడమంటాడు. ప్రింటు పోయిన సినిమాలకు మాత్రం కథ అక్కడే నిలిచిపోయింది.

నీలం అట్ట పుస్తకంలో అంచుల వెంట పెన్సిల్ రాత కనపడుతుంది. అది మా నాన్నది. నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పాట పక్కన రాగం రాసుకున్నాడు. ఒకచోట 'మన కృష్ణుడికి ఈ శ్రుతి ఎక్కదు' అని కూడా ఉంది. సినిమా పాట ఊరి నాటకంలోకి ఎలా దూరిందో ఏ చరిత్ర పుస్తకం ఇంత దగ్గరగా చెబుతుంది? చెరిపేవు సుమా.

చిరుగులకు సెలోటేపు అంటించకు, లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులు లాగకుండా వెనక కాళ్లు విప్పి మెల్లగా తియ్యి. స్కాన్ చేసేటప్పుడు వెనక అట్ట వదలకు. చాలావాటి మీద సంవత్సరం ఉండదు, ఒక్కోసారి తలనొప్పి మందు ప్రకటనే దాన్ని పట్టిస్తుంది. 1964లో పుణెలో పెట్టిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ రీళ్లతో పాటు ఇలాంటివీ దాస్తుంది. రెండేసి ఉన్నవాటి జాబితా వేరుగా రాయి, వాళ్లకు ఉత్తరం నేను రాస్తాను.

పాత పేపర్లబ్బాయి ఊరికే వెళ్లిపోతాడని మొహమాటమైతే ఇంట్లో ఉన్న పాత వారపత్రికలు ఇచ్చెయ్యి. ఆగు, వాటినీ ఒకసారి నాకు చూపించి ఇవ్వు.

మీ పెదతాత